దస్త్రములలో వెదకులాట

మన నేలమీద భూమికి పత్రము పుట్టిన నాడే ఆ పత్రమును మరల వెదకి పట్టుకొను పనియు పుట్టినది. వేంగీ చాళుక్యుల తామ్రశాసనములను చదివినవారు ఒక విశేషమును గమనించియుందురు. రాజవంశ ప్రశస్తియు, దాత గుణవర్ణనయు, ప్రతిగ్రహీత గోత్రసూత్రములును ప్రౌఢ సంస్కృతమున సాగి సాగి, దానమిచ్చిన పొలముయొక్క యెల్లలు చెప్పవలసిన తావునకు వచ్చునప్పటికి శాసనము నేలకు దిగును. తూర్పున ఫలాని చెరువు, ఆగ్నేయమున ఫలాని చెట్టు, దక్షిణమున ఫలాని ఊరి పొలిమేర అని, సూర్యుడుదయించు దిక్కునుండి మొదలిడి ప్రదక్షిణక్రమమున చెట్టును పుట్టను గుట్టను చూపుకొనుచు తిరుగును. నేడు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయము చెంత దస్తావేజు లేఖరి వ్రాయు క్రయపత్రమునందును, చివరి పుటలోని షెడ్యూలులో, హద్దులు తూర్పుతోనే ఆరంభమై దక్షిణము, పడమరల మీదుగా ఉత్తరముతో ముగియును. ఇన్ని శతాబ్దములు ఈ క్రమము నిలిచియుండుటకు కారణము స్పష్టమే. ప్రశస్తిలో ఒక శ్లోకము చెరిగిపోయినను దానమునకు హాని లేదు. ఎల్ల తెలియనినాడు ఆ దానము మనుమలకు దక్కదు.

ఇప్పుడు మనము భూమి పత్రములను కంప్యూటరు తెరపై వెదకుచున్నాము. జిల్లా నెన్నుకొని, మండలము నెన్నుకొని, గ్రామము నెన్నుకొని, సర్వే నంబరు వేసి, ఏ యేటినుండి ఏ యేటివఱకో చెప్పి మీట నొక్కినంతనే లక్షలాది నమోదులలోనుండి మనకు కావలసిన నాలుగు వరుసలు వచ్చి నిలుచును. ఈ వేగమును చూచి వెదకుట యనునది నిన్నమొన్న పుట్టిన యంత్రవిద్య యని తలంచువారు కలరు. నేనట్లు తలంపను. తెరమీది యొక్కొక్క గడియు ఒకానొక కాలమున ఒకానొక ఉద్యోగి కాగితముమీద చేతితో గీచిన గడియే. గ్రామ కరణము, సర్వే అమీను, రిజిస్ట్రేషను గుమాస్తా - ఈ మువ్వురి శ్రమను ఎఱుగనివారికి ఆ గడులను సరిగా నింపుటయు చేతకాదు. నింపిన పిమ్మట వచ్చిన ఫలితమును ఎంతవఱకు నమ్మవలెనో అదియు తెలియదు.

మొదట కరణము. కుంపిణీ పరిపాలనకు ముందును, తరువాత చాలకాలమువఱకును, ఊరి భూమి లెక్క యనగా కరణము లెక్కయే. తాటాకులమీద గంటముతోను, మసిపూసి గట్టిపఱచిన గుడ్డ కడితములమీద బలపముతోను, పిమ్మట కాగితముమీద కలముతోను ఆయన వ్రాసినది ఊరి శిస్తు, ఊరి పంట, ఊరి మాన్యములు. 1802 నాటి మదరాసు రెగ్యులేషన్లలో 29వది కరణము పదవిని విధులను చట్టములోనికి తెచ్చినది. ఏటేటి లెక్కలను వ్రాసి ఉంచవలసిన బాధ్యత నాటినుండి ప్రభుత్వమునకు చెప్పవలసిన బాధ్యత అయినది. గుడ్డలో మూటగట్టిన ఆ దస్త్రమునకు ప్రత్యేకమైన సూచిక యేదియు లేదు. చెఱువు క్రింది మూడవ మడి ఎవరి తాతది, ఏ కరవు కాలమున చేయి మారినది, దేవుని మాన్యములో ఎవరు ఎన్ని కుంటలు కలిపికొన్నారు అను ప్రశ్నలకు సమాధానము ఏ మూటలో నున్నదో ఆయన జ్ఞాపకమునకే తెలియును. తన తండ్రి వ్రాసిన దానిని తాను చదివి, తాను వ్రాసిన దానిని కుమారునికి చదివించుటచేత ఆ జ్ఞాపకము వంశపారంపర్యముగా నడచెను. అందువలన లాభమును కలదు, ప్రమాదమును కలదు. రైతు తన భూమిని గూర్చి తాను తెలిసికొనవలెనన్నను మఱియొకని నోటిమీద ఆధారపడవలసి వచ్చెను. కరణమును గూర్చి తెలుగువారు కట్టిన సామెతలలో గౌరవముకంటె భయమే హెచ్చుగా కనబడుటకు హేతువు ఇదియే యని నా నమ్మకము.

ఈ గ్రామ దస్త్రములను ఊరి వెలుపలివారు మొదటిసారి పెద్దయెత్తున వెదకినది కుంపిణీ సర్వేయరైన కల్నల్ కాలిన్ మెకంజీ కాలమున. మెకంజీ సహాయకుడైన కావలి బొఱ్ఱయ్యయు, బొఱ్ఱయ్య తరువాత ఆయన సోదరుడు లక్ష్మయ్యయు, వారి క్రింది గుమాస్తాలును ఊరూర తిరిగి, కరణముల యొద్దనున్న కవిలెలను చూచి, వృద్ధులను విచారించి కైఫియతులను, అనగా ఊరి చరిత్రలను, సేకరించిరి. 1821లో మెకంజీ మరణించిన పిదప ఆ రాశి కుంపిణీ ప్రభుత్వమునకు చేరెను, 1828లో హెచ్. హెచ్. విల్సను కలకత్తాలో ప్రకటించిన వివరణ సూచిక దానికి తొలి ద్వారమాయెను. తెలుగు స్థానిక చరిత్రలను సి. పి. బ్రౌను శుద్ధ ప్రతులు వ్రాయించి సంపుటములు కట్టించుటచేత అవి మనదాక నిలిచినవి. అయితే కైఫియతు ఊరిపేరు చొప్పున కట్టినది. ఊరు తెలిసినవానికి అది వెంటనే పలుకును. ఒక చెరువు త్రవ్వించిన మనుష్యుని పేరు మాత్రమే తెలిసి ఊరు తెలియనివాడు సంపుటములన్నియు తిరుగవేయవలసినదే. ఏ దస్త్రమునైనను ఏ త్రోవన వెదకవచ్చునో, దానిని అమర్చిన నాడే నిర్ణయమైపోవును. ఈ సంగతి ముందు ముందు మనకు పదేపదే తగులును.

రెండవవాడు సర్వే అమీను. దత్తమండలములు 1800లో కుంపిణీ చేతికి వచ్చినపుడు థామస్ మన్రో అచ్చట పొలము పొలమును కొలిపించెను. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున మదరాసు ప్రభుత్వపు సర్వే శాఖ గొలుసులు పట్టించి ఇంకను సూక్ష్మముగా కొలిచి, ప్రతి రైతువారీ గ్రామమునను ప్రతి కమతమునకు ఒక అంకె నిచ్చెను. మన భూమి చరిత్రలో ఈ యంకెను మించిన మార్పు మఱియొకటి లేదని నేను సాహసించి చెప్పుదును. అంతకుముందు పొలమునకు పేరుండెడిది: తాటితోపు చేను, గుడివెనుక మడి, పెద్దాయన దిబ్బ. పేరు ఊరివానికి మాత్రమే తెలియును. తోపు నఱికినచో పేరు వట్టిపోవును. అంకె అట్లు కాదు. గ్రామము పేరును అంకెయు తెలిసినచో ఆ ఊరి ముఖము చూడని గుమాస్తాయు ఆ పొలమును పటముమీద వ్రేలుపెట్టి చూపగలడు. కొలతల పుస్తకము, గ్రామపటము, సెటిల్‌మెంటు రిజిస్టరు, ఆంగ్లమును తెలుగును ప్రక్కప్రక్కన నుండు డైగ్లాటు, ఏటేటి పంటను అనుభవదారును చూపు అడంగలు - ఇవన్నియు ఆ యొక్క యంకెతో ఒకదానికొకటి ముడిపడినవి. నేడు కంప్యూటరు పట్టికలను కలుపు నేర్పును పొగడుచున్నాము. మన తాలూకా కచేరీలలో ఆ కలయిక కాగితముమీద ఏనాడో జరిగినది.

నైజాము ఇలాకాలో పత్రముల పేర్లు వేఱు, పని యొకటే. సేత్వారు తొలి సర్వేకు మూలపత్రము. టిప్పను కొలతల చిత్రము. పహాణీ సాలుసరి అనుభవ పత్రము. 1954-55లో తయారైన ఖాస్రా పహాణీ నేటికిని తెలంగాణమున భూమి తగవులన్నింటికి ఆదిపర్వము వంటిది; న్యాయస్థానమున వకీలు మొదట అడుగునది అదే. పాత పత్రములు చాలవఱకు ఉర్దూలో నుండుటచేత చదువగలవారు నానాట తగ్గుచున్నారు. విస్తీర్ణము అచ్చట ఎకరములు గుంటలు, ఇచ్చట ఎకరములు సెంట్లు. 40 గుంటలైనను 100 సెంట్లయినను ఎకరమే గనుక, ఒక ప్రాంతపు అలవాటుతో మఱియొక ప్రాంతపు విస్తీర్ణమును వెదకువాడు మోసపోవును. ఒక పొలము అన్నదమ్ములకు చీలినపుడు కోస్తాలో 45/1, 45/2 అనియు, తెలంగాణమున 45/అ, 45/ఆ అనియు ఉపసంఖ్యలు పుట్టును. గీత వ్రాయుటలో, అక్షరము వ్రాయుటలో ఏమాత్రము తేడా యున్నను తెర 'వివరములు లేవు' అనుటకు ఇదియొక పెద్ద కారణము.

మూడవవాడైన రిజిస్ట్రేషను గుమాస్తా కడ నేను కొంచెము ఎక్కువసేపు నిలువదలచితిని. ఆయనను గూర్చి ఎవరును వ్రాయలేదు. కాని వెదకుట యను పనిని శాస్త్రముగా దిద్దినది ఆయన బల్లమీదనే. దస్తావేజుల రిజిస్ట్రేషనునకు 1864లో ఒక చట్టము వచ్చి, మార్పులమీద మార్పులు పొంది, 1908లో నేటికిని అమలులోనున్న రూపమును ధరించినది. 1909 జనవరి 1నుండి అమలైనది. స్థిరాస్తి పత్రములు 1వ పుస్తకమున, వీలునామాలు 3వ పుస్తకమున, తక్కినవి 4వ పుస్తకమున ఎక్కవలెనని అది విధించినది. ఫోటోకాపీ యంత్రములు లేని ఆ దినములలో పక్షములవారు తెచ్చిన దస్తావేజును ఆసాంతము చేతితో ఆ పుస్తకములోనికి ఎత్తి వ్రాసెడివారు. ఎత్తివ్రాత ముగిసిన వెంటనే, సాధ్యమైనంతవఱకు ఆలస్యము లేకుండ, సూచికలలో ఎక్కింపవలెనని చట్టమే శాసించినది. ఈ నిబంధన పెట్టినవారు దూరదర్శులు. నేటి పని నేడే సూచిక కెక్కకపోయినచో ఆ పత్రము అలమారులో నుండియు లేనట్లే యని వారెఱిగియుండిరి.

1వ పుస్తకమునకు సూచికలు రెండు. మొదటిది మనుష్యుల పేళ్లది. పత్రము వ్రాసియిచ్చిన వారందఱును, దానివలన హక్కు పొందిన వారందఱును అందుండవలెను. రెండవది ఆస్తిది, గ్రామము, సర్వే నంబరు, విస్తీర్ణము, హద్దులు అందుండును. ఒక క్రయపత్రమును ఊహింతము. ఇద్దఱు అన్నదమ్ములును, మైనరు కుమారుని పక్షమున సంరక్షకురాలైన తల్లియు కలిసి రెండు సర్వే నంబర్లలోని భూమిని ఒక వితంతువునకు విక్రయించిరి. పత్రము ఒక్కటే, కాని గుమాస్తా మొదటి సూచికలో అన్నను, తమ్ముని, మైనరును, తల్లిని, కొన్న యామెను వేఱువేఱుగా వారివారి అక్షరముల క్రింద వ్రాసి, రెండవ సూచికలో రెండు నంబర్లను రెండు తావుల వ్రాసి, ప్రతి వరుసయందును సంపుటము, పుట, దస్తావేజు నంబరు, సంవత్సరము గుర్తింపవలెను. ఇట్లు ఒక్క పత్రమునకు ఏడు త్రోవలు ఏర్పడినవి. రాబోవు మనుష్యునికి ఏడింటిలో ఏ యొక్కటి తెలిసినను చాలును. ఒకే ఊరిలో ఒకే ఇంటిపేరుతో అదే పేరుగలవారు నలుగురుండుట మనకు కొత్త కాదు గనుక, పేరుతో బాటు నివాసము, వృత్తి, తండ్రిపేరు వ్రాయవలెననియు, తల్లిపేరుతో వ్యవహరింపబడువాడైనచో తల్లిపేరు వ్రాయవలెననియు చట్టము చెప్పినది. దేవదాసీ కుటుంబములవంటి వానిలో తల్లిపేరే గుర్తుగా నుండిన కాలమున ఈ చిన్న వాక్యము ఎందఱి హక్కులను కాపాడియుండునో తలంచుకొన్నచో దానిని వ్రాసినవారికి నమస్కరింపబుద్ధి పుట్టును.

ఇక వెదకు తీరు. ఈసీ, అనగా ఆస్తిపై నమోదైన పత్రములను చూపు ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు, కావలసినవాడు గ్రామము, సర్వే నంబరు, హద్దులు, కావలసిన సంవత్సరములు వ్రాసి, ఏటికింతయని రుసుము చెల్లించి దరఖాస్తు పెట్టెడివాడు. గుమాస్తా ఆ యేటి రెండవ సూచికను దింపి, ఆ గ్రామపు పుటను తెఱచి, నంబర్లవెంట వ్రేలు పెట్టుకొని క్రిందికి దిగి, దొరికినదానిని చీటిమీద గుర్తించి, మఱుసటి యేటి సంపుటమునకు పోవును. 13 యేండ్లయినచో పదమూడు సంపుటములు, 30 యేండ్లయినచో ముప్పది. అనుమానము కలిగినపుడు మొదటి సూచికలో అమ్మకందారు పేరును చూచి, రెండింటను కలిసిన దస్తావేజు నంబరును పట్టుకొనును. నేడు తెరపై గ్రామము, సంవత్సరము, పేరు అను మూడు వడపోతలు పెట్టి మనము చేయు పని యథాతథముగా ఇదియే. ఆయన వేలికొనకు దినములు పట్టినది, యంత్రమునకు క్షణము పట్టుచున్నది. అన్నింటికంటె గొప్పమాట చట్టపు 57వ విభాగములో నున్నది: 1వ పుస్తకమును దాని సూచికలను రుసుము చెల్లించి కోరిన ఎవనికైనను చూపవలెను. భూస్వామియా, కౌలుదారా, పరాయివాడా యని అడుగుట లేదు. కరణము జ్ఞాపకములో బందీయైయున్న సమాచారము సామాన్యుని చేతికందుటకు ఈ యొక్క విభాగము చేసినంత మేలు పెద్ద పెద్ద ఉపన్యాసములు చేయలేదు.

వెదకులాటకు హద్దులున్నవని ఆ కార్యాలయము ఎన్నడును దాచలేదు. దరఖాస్తుదారు ఆస్తిని ఎట్లు వర్ణించెనో అట్లే వెదకితిమి, మఱియొక పత్రములో అదే ఆస్తి వేఱువిధముగా వర్ణింపబడియున్నచో అది ఇందు చేరదు అని ఈసీలోనే ఒక షరతు ఉండెడిది. ఎంతమంది దానిని చదివిరో తెలియదుగాని, వెదకుటను గూర్చి ఇంతకంటె నిజాయితీగల వాక్యము నేను చూడలేదు. వీలునామా వేఱు పుస్తకములోనిది గనుక ఈసీలో కనబడదు. ఇంటిలో కూర్చుండి పెద్దమనుష్యుల యెదుట వ్రాసికొన్న పంపకపు పారీఖత్తు, తెలంగాణ పల్లెలలో సాదా కాగితముపై వ్రాసికొన్న సాదాబైనామా, రిజిస్టరు కాని ఒప్పందము - ఇవి ఏవియు అందుండవు. 'భారము లేదు' అని వచ్చినంతనే భూమి నిర్మలమని నమ్మి కొని, తరువాత కోర్టుల వెంట తిరిగినవారి సంఖ్య తక్కువ కాదు. వెదకినచోట లేదనుటయు, ఎచ్చటను లేదనుటయు వేఱువేఱని న్యాయవాదులు చెప్పుచునే యున్నారు.

ఊళ్లు జిల్లాలు మారుట మఱియొక చిక్కు. ఏలూరు సంగతి చూడుడు. 1859లో ఏర్పడిన గోదావరి జిల్లాలో అది యుండెను. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడిన సందర్భమున కృష్ణా జిల్లాకు పోయెను. 1925లో పశ్చిమ గోదావరికి ముఖ్యపట్టణమాయెను. 2022 ఏప్రిలులో తన పేరుతోనే ఒక జిల్లా యాయెను. కావున అచ్చటి ఒక కుటుంబపు భూమి పత్రములు నాలుగు జిల్లాల పేళ్లతో వ్రాయబడి యుండవచ్చును, ఆ భూమి మాత్రము ఒక్క అంగుళము కదలలేదు. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. తెలంగాణమున పది జిల్లాలు 2016లో 31గాను, 2019లో 33గాను మారినవి. దస్తావేజులో శివారు పల్లె పేరుండును, తెరమీద రెవెన్యూ గ్రామము పేరుండును. పట్టణములలో ఇంటి నంబరు మారును, వార్డు మారును. అంతేగాక ఆంగ్లలిపిలో నెక్కించిన పేళ్ల బాధ యొకటి: తకారమునకు టకారమునకు, దకారమునకు డకారమునకు అచ్చట భేదము లేదు, లక్ష్మి యను పేరు ఒక గుమాస్తా ఒకరీతి, మఱియొకడు వేఱొకరీతి వ్రాసెను. మనుష్యుని కన్ను ఇవన్నియు ఒకరే యని గ్రహించును. యంత్రము అక్షరమును మాత్రమే చూచును.

1984 జనవరి 6న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా కరణము, మునసబు మొదలైన గ్రామోద్యోగుల పదవులను, తెలంగాణపు పటేలు పట్వారీలతో సహా, రద్దు చేసినది. వంశపారంపర్యపు పెత్తనము పోవలసినదే. అందు నాకు సందేహము లేదు. కాని దస్త్రములు ఇండ్ల అటకలమీద, చావడి పెట్టెలలో నుండుట నాటికి వాడుక. అప్పగింతలో కొన్ని కచేరీకి చేరినవి, కొన్ని చేరలేదు; చేరినవానిని చదివి అర్థము చెప్పగల కరణము ఇంటికి పోయెను. జ్ఞాపకమే సూచికగా నుండిన వ్యవస్థలో మనిషిని తొలగించునపుడు ముందుగా సూచిక వ్రాయించుకొనవలసి యుండెను. ఆ పని జరుగలేదు. నేడు పాత అడంగలు కొఱకు, పాత పహాణీ కొఱకు తహసీలుదారు కార్యాలయముచుట్టు తిరుగు రైతు పడుచున్న కష్టములో కొంత భాగము అచ్చట మొదలైనదే.

పిమ్మట యంత్రము వచ్చినది. 1998 నవంబరు 4న ఆంధ్రప్రదేశ్‌లో 214 సబ్‌రిజిస్ట్రారు కార్యాలయములలో 'కార్డ్' అను కంప్యూటరు పద్ధతి ఆరంభమాయెను. పాత సూచికలలోని వివరములను 1983నుండి యంత్రములోనికి ఎక్కించిరి. నేటికిని తెరమీది ఈసీకి 1983 జనవరి 1 ఆది దినము. అంతకుముందు కాలమునకు సంబంధించినదైనచో కార్యాలయమునకు పోయి సంపుటములు తీయించవలసినదే. దినములు పట్టిన ఈసీ నిమిషములలో వచ్చుట చూచి జనులు ఆశ్చర్యపడిరి, ఆశ్చర్యపడదగినదే. ప్రతి దస్తావేజును చేతితో ఎత్తివ్రాయు పాటును తప్పినది. 2001లో కేంద్రచట్టమును సవరించి, రిజిస్ట్రేషను పుస్తకములను కంప్యూటరు ఫ్లాపీలలోను డిస్కెట్లలోను ఉంచవచ్చునని చేర్చిరి. ఫ్లాపీ యనునది అంతలోనే కాలగర్భమున కలిసిపోయినది, తాటాకు ఇంకను చదువవచ్చును. యంత్రములో దాచినదానిని తరమునకొకమారు కొత్త యంత్రములోనికి మార్చి వ్రాయక తప్పదనుటకు ఆ చట్టవాక్యమే సాక్ష్యము.

రెవెన్యూ పత్రముల వంతు తరువాత వచ్చినది. 2015లో ఆంధ్రప్రదేశ్‌లో 'మీభూమి' అను వెబ్‌సైటు వెలసి, అడంగలును, 1-బి యను హక్కుల పట్టికను సర్వే నంబరుతో, ఖాతా నంబరుతో, పట్టాదారు పేరుతో వెదకు వీలు కల్పించినది. తెలంగాణమున 2020 అక్టోబరులో 'ధరణి', 2025 ఏప్రిలులో దాని స్థానమున 'భూభారతి' వచ్చినవి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 చివర ఆరంభించిన రీసర్వే ముగిసిన గ్రామములలో పాత సర్వే నంబర్లకు బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చుచున్నవి. నూరేండ్లకు పైగా అన్ని పత్రములను కట్టియుంచిన పాత యంకె మారుచున్నపుడు, పాతదానికి కొత్తదానికి గల సంబంధమును చూపు పట్టిక ప్రతి గ్రామమునను, ప్రతి రైతుకు, శాశ్వతముగా అందుబాటులో నుండవలెను. ఆ పట్టిక యొక్కటి తప్పిపోయినచో మన మనుమలకు వెనుకటి పత్రములన్నియు మూగవగును.

తెరపై వెదకువారికి పాత గుమాస్తాల అలవాటు ఇంకను పనికివచ్చును. మొదట వల వెడల్పుగా వేయవలెను: గ్రామము మాత్రమే పెట్టి, ఉపసంఖ్య లేకుండ మూల సర్వే నంబరు వేసి, సంవత్సరముల అవధిని పొడవుగా నుంచి వచ్చినదంతయు చూడవలెను. తరువాతనే ఉపసంఖ్య, పేరు, సంవత్సరము అను వడపోతలు ఒక్కొక్కటిగా చేర్చవలెను. ఒక వడపోత చేర్చినంతనే వరుసలన్నియు మాయమైనచో పత్రము లేదని అనుకొనక, ఆ వడపోతలో వ్రాసిన మాటనే శంకింపవలెను. పేరులో ఇంటిపేరు ముందో వెనుకనో, పొడి అక్షరములో, తండ్రిపేరు కలిసినదో చూడవలెను. సర్వే నంబరుతో దొరకనిది దస్తావేజు నంబరుతో, సంవత్సరముతో దొరకవచ్చును. దస్తావేజు నంబరు ఏటేట ఒకటితో మొదలగును, ఒక్కొక్క కార్యాలయమునకు వేఱు. కావున కార్యాలయము పేరు తప్పినచో మఱియొకని పత్రము మన ముందు నిలుచును. కొత్త సబ్‌రిజిస్ట్రారు కార్యాలయము ఏర్పడిన ప్రాంతములలో వెనుకటి సంపుటములు పాత కార్యాలయముననే యుండుట సాధారణము.

ప్రభుత్వములను నేను కోరునది ఒక్కటి. 1983కు ముందటి రెండు సూచికలును ఇప్పుడు పుటలు పొడిబారి, అంచులు రాలి, కొన్నిచోట్ల చెదలపాలగుచున్నవి. వానిని ఫోటోలు తీసి బొమ్మలుగా దాచినంతమాత్రమున పని ముగియదు. బొమ్మలో పేరు వెదకలేము. గ్రామము, సర్వే నంబరు, ఇరుపక్షముల పేళ్లు, సంపుటము, పుట - ఈ ఐదింటిని చేతివ్రాత చదువనేర్చినవారిచేత ఎక్కింపవలెను. ఉన్న అక్షరక్రమమును దిద్దక యథాతథముగా ఉంచి, దాని ప్రక్కన నేటి రూపమును చేర్చవలెను. తెలంగాణపు ఉర్దూ పత్రములకు ఆ లిపి తెలిసిన వృద్ధులు ఉన్నప్పుడే ఈ పని మొదలుపెట్టవలెను. పరుల పేళ్లతో వెదకి ఎవరి ఆస్తి ఎంతయో ఆరా తీయువారినుండి రక్షణ కావలెననుట న్యాయమే. దానికి దరఖాస్తు, రుసుము, గుర్తింపు చాలును. ఆ భయమును సాకుగా చెప్పి 57వ విభాగము ఇచ్చిన హక్కును తెరవెనుక దాచుట మాత్రము న్యాయము కాదు.

చదువరులకు కూడ ఒక విన్నపము. మీ ఇంటిలో భూమి పత్రములున్నచో, ఒక కాగితముమీద గ్రామము పేరు, శివారు పల్లె పేరు, వెనుకటి తాలూకా, జిల్లా, సర్వే నంబరు, దాని ఉపసంఖ్యలు, ప్రతి దస్తావేజు నంబరు, సంవత్సరము, రిజిస్టరు చేసిన కార్యాలయము, వ్రాసియిచ్చినవారి పేరు, వారి తండ్రిపేరు పత్రములో నున్న అక్షరములతోనే వ్రాసి ఆ పత్రములతో బాటు ఉంచుడు. 1983కు ముందటి పత్రములున్నచో వాని సంపుటము, పుట గుర్తించుకొని, ధ్రువీకరించిన నకళ్లు ఇప్పుడే తీసికొనుడు.